దమ్మున్నోళ్లంతా దవాఖానకు

నేను చేసిన మొట్టమొదటి ఉద్యోగం తెలుగును తెలుగులోకి మార్చడం. ఈ మాట చెబితే మా ఇంట్లో పిల్లలు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వనీ. ఆ పనికి నాకు జీతం ఇచ్చారు, దవాఖానలో కూర్చోవడానికి ఒక స్టూలు ఇచ్చారు, ఊరంతా నన్ను గుర్తుపట్టి పలకరించేది. ఈ కాలం ఉద్యోగాల్లో ఇంత సుఖం ఉందని నేను నమ్మను.

అరవైల మొదట్లో సంగతి ఇది. మాది బోధన్. దీపావళి దాటిందంటే ఊరి రూపమే మారిపోయేది. చెరుకు బండ్లు బారులు కట్టి ఫ్యాక్టరీ వైపు కదిలేవి. ఊరంతా రసం మరిగే తియ్యటి వాసన, దానిమీద పొగ, ఆ పొగమీద మంచు. కొత్తగా వచ్చిన వాళ్లకు ఆ వాసనతో కడుపు తిప్పేది, మాకు మాత్రం అది లేకపోతే చలికాలం వచ్చినట్టే ఉండేది కాదు.

ఆ ఏడే ఊరికి ఒక డాక్టరమ్మ వచ్చింది. కృష్ణా జిల్లా మనిషి. భర్త ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆమె బస్టాండు పక్కన ఒక్క గది అద్దెకు తీసుకొని దవాఖాన తెరిచింది. సన్నగా, కళ్లద్దాలతో, చూడగానే కాలేజీ పిల్లలా ఉండేది. చేతి వాసి మంచిదే. కానీ వచ్చిన నెలలోనే ఆమె దవాఖానకు మనుషులు రావడం మానేశారు. కారణం మా పక్కింటి వదిన.

వదినకు జ్వరం వచ్చింది. దవాఖానకు వెళ్లి, "పెయ్యంత కాలుతున్నది డాక్టరమ్మా, పెయ్యంత నొస్తున్నది" అని చెప్పింది. మా వైపు పెయ్యి అంటే ఒళ్లు. ఆమె వైపు పెయ్య అంటే ఆవుదూడ. డాక్టరమ్మ ఎంతో మర్యాదగా, "పెయ్యకు బాగా లేకపోతే నా దగ్గరికి ఎందుకమ్మా, పశువుల ఆసుపత్రికి తోలుకెళ్లండి" అని పంపించేసింది. వదిన ఆ జ్వరంతోనే బజారు మొత్తం తిరిగి, "నన్ను పసురమన్నది, తోలుకపొమ్మన్నది" అని కనిపించిన వాళ్లందరికీ చెప్పి ఇంటికొచ్చి ఏడ్చింది.

నాకు అప్పట్లో కోపం ముక్కుమీదే ఉండేది. ఇప్పుడు కూడా అక్కడే ఉంది. వదిన చెయ్యి పట్టుకొని నేరుగా దవాఖానకు వెళ్లాను.

"ఏమమ్మా, మా వదిన మీకు మనిషి లెక్క కనవడ్తలేదా?" అన్నాను.

డాక్టరమ్మ తెల్లబోయింది. "అయ్యో, నేనేమన్నానమ్మా? ఆవిడ దూడకు జ్వరం అంటేనూ..." అంది.

అప్పుడు నాకు వెలిగింది. నేను నిజామాబాద్‌లో మా చిన్నమ్మ ఇంట్లో ఉండి మెట్రిక్ చదివాను. చదువుకంటే వారపత్రికలు ఎక్కువ చదివాను. ఆ పత్రికల నిండా కృష్ణా, గుంటూరు తెలుగే కాబట్టి ఆమె పెయ్య ఏదో, మా పెయ్యి ఏదో నాకు రెండూ తెలుసు. విడమర్చి చెప్పాను. డాక్టరమ్మ మొదట నోట్లో కొంగు కుక్కుకుంది, తర్వాత అద్దాలు తీసి కళ్లు తుడుచుకుంది, చివరికి వదిన రెండు చేతులూ పట్టుకొని క్షమించమంది. వదిన కూడా జ్వరంలోనే పకపకా నవ్వింది. మేము బయటికి వస్తుంటే డాక్టరమ్మ వెనక్కి పిలిచి, "అమ్మాయ్, నువ్వు రేపట్నుంచి రోజూ రాగలవా?" అని అడిగింది. పోట్లాడడానికి వెళ్లి ఉద్యోగంతో తిరిగొచ్చాను.

అట్లా ఆ గదిలో నా స్టూలు వెలిసింది. రోగి సర్ది అంటే నేను జలుబు అనేదాన్ని. ఆమె వేడినీళ్లు అంటే నేను ఉడుకునీళ్లు అనేదాన్ని. మిగతా వేళల్లో జనం ఇంటి నుంచి తెచ్చుకున్న సీసాల్లో ఎర్రటి మిక్చరు పోసి, ఎంతవరకు తాగాలో తెలిసేలా కాగితం ముక్క కత్తిరించి అంటించేదాన్ని. నాకు ఆ పని మహా ఇష్టంగా ఉండేది. పొద్దున లేస్తూనే ఎప్పుడు వెళ్దామా అనిపించేది.

కానీ ఊళ్లో అందరి రోగాలూ తర్జుమా చేస్తున్న నాకు మా ఇంట్లో రోగం ఒకటి కొరకరాని కొయ్యగా ఉండేది. అది మా బాపుది, అంటే మా నాన్నది.

మా బాపు ఒకప్పుడు పెద్ద పహిల్వాన్. తాడెత్తు మనిషి. బాన్స్‌వాడ నుంచి అటు దెగ్లూరు దాకా జాతర్లలో కుస్తీ పడితే ఆయన వెన్ను నేలకు తాకలేదని చెప్పుకునేవారు. నాకు ఊహ తెలిసేసరికి కుస్తీలు మానేసి ఎడ్లబండి మీద ఫ్యాక్టరీకి చెరుకు తోలుతున్నాడు. మీసం మాత్రం మానలేదు, తాలీమ్‌కు వెళ్లి పిల్లకాయల పట్లకు వంకలు పెట్టడం మానలేదు. తాలీమ్ అంటే మా వైపు కుస్తీలు నేర్పే చోటు. దాన్ని నడిపే ఉస్తాద్ ముసల్మాను, బాపుకు చిన్ననాటి జోడీ. ఇద్దరూ ఒకరినొకరు ఎన్నిసార్లు పడగొట్టుకున్నారో వాళ్లకే తెలియదు.

అలాంటి మనిషికి దమ్ము పట్టుకుంది. పత్రికల్లో ఉబ్బసం అంటారే, అది. మా వైపు దాన్ని దమ్ము అంటాం. గుండె ధైర్యాన్నీ, ఒంట్లో సత్తువనూ కూడా దమ్మే అంటాం. "వాడికి దమ్ముంది" అంటే వాడు మొనగాడని ఒక అర్థం, వాడికి ఊపిరాడదని ఇంకో అర్థం. ఏది ఏదో చెప్పేవాడి మొహం చూసి తెలుసుకోవాలి. మిగతా ఊరికి ఇది పెద్ద చిక్కు కాదు. పహిల్వాన్‌కు మాత్రం ప్రాణసంకటం. మొదటి దమ్ము ఉన్నవాడిగా పేరు తెచ్చుకున్న మనిషి, రెండో దమ్ము ఉందని ఎట్లా ఒప్పుకుంటాడు?

ఒప్పుకోలేదు. దాచాడు. చలికాలం వస్తే బజారులో పది అడుగులు వేసి ఆగేవాడు. ఊరికే ఆగితే జనం కనిపెడతారని ఎదురొచ్చిన వాళ్లనల్లా ఆపి కుశలం అడిగేవాడు. "మంచిగున్నవా? ఎడ్లు మంచిగున్నయా? అవ్వ మంచిగున్నదా?" అని అడిగి, వాళ్లు జవాబు చెప్పేంతసేపూ ఊపిరి కూడదీసుకునేవాడు. ఊరంతా మా బాపు అంత కలుపుగోలు మనిషి లేడని మెచ్చుకునేది. ఆ పలకరింపులు ఎందుకో మా అవ్వకూ, అంటే మా అమ్మకూ, నాకూ తెలుసు.

అంతకు ముందటి చలికాలం ఫ్యాక్టరీ మైదానంలో బండ్ల వరసలో ఉండగా ఆయనకు ఊపిరి ఆగినంత పని అయింది. చలికి బండివాళ్లు ఎండిన చెరుకు ఆకులు తగలబెట్టి చుట్టూ కూర్చుంటారు. ఆ పొగ ఛాతీలో నిండిపోయి పెదవులు నల్లబడి పడిపోయాడట. బండిలో వేసుకొని ఇంటికి తెచ్చారు. తేరుకున్నాక ఆయన మాకు చెప్పిన మాట, "జర సర్ది అయ్యింది, గంతే."

ఇదంతా నేను డాక్టరమ్మకు చెప్పాను. ఆమె నవ్వడం ఆపేసి విన్నది. "ఇంకో చలికాలం ఆ పొగలో, ఆ మంచులో మందు లేకుండా ఉంటే ఒక్క రాత్రి చాలమ్మా. ఎలాగైనా తీసుకురా. మందులున్నాయి, నిలబెట్టగలను" అంది. ఆ రోజు నుంచి ఇంట్లో బాపు దగ్గు వినిపిస్తే చాలు, నాకు మెతుకు దిగేది కాదు.

బతిమాలాను. ఏడ్చాను. అన్నం మానేస్తానని బెదిరించి నిజంగానే ఒక పూట మానేశాను. ఆయన చెవిన వేసుకోలేదు.

"దవాఖానకు ఎందుకే? ఆడిపిల్ల ముంగట అంగి ఇప్పి, పహిల్వాన్‌కు దమ్ము అచ్చిందని చెప్పుకోవాల్నా? తాలీమ్ పోరగాండ్లు ఇంటే నవ్వరా?" అన్నాడు.

"నవ్వితే నవ్వనీ బాపూ. మనిషి మంచిగుంటే సాలదా?" అన్నాను.

"గా నవ్వు నీకు ఎర్కలేదు బిడ్డా" అని తువ్వాల దులుపుకొని లేచిపోయాడు. ఇక ఆయనతో వాదించేవాళ్లు ఎవరు?

ఇలా ఉండగా దవాఖానను బస్టాండు దగ్గరి నుంచి, ధాన్యం అమ్మే గంజ్ వెనక వీధిలో రెండు గదుల ఇంటికి మార్చాం. అక్కడ రోగులు కూర్చోవడానికి అరుగు ఉంది, రెండు బల్లలు వేశాం. ఈ సంగతి ఊరికి తెలియాలి కదా, పనిలో పనిగా చలికాలం జాగ్రత్తలు కూడా చెబుదాం అంది డాక్టరమ్మ. ఒక కాగితం రాసి ఇచ్చింది. అందులో "శీతాకాలమునందు శ్వాసకోశ వ్యాధిగ్రస్తులు" అని మొదలుపెట్టింది. ఆ కాగితం చూసి నేను, "అమ్మా, ఇది చాటితే జనం ఎవరో పెద్దమనిషి పోయిండని అనుకుంటారు" అన్నాను. ఆమె నవ్వి కలం నా చేతికిచ్చింది.

మొత్తం తిరగరాశాను. చలి గాలికి పిల్లల చెవులకు గుడ్డ కట్టండి. కుంపటి పెట్టుకొని తలుపులు బిగించి పడుకోకండి. ఉడుకునీళ్లు తాగండి. చెరుకు ఆకుల మంట దగ్గర పొగకు ఎదురుగా కూర్చోకండి. ఇదంతా రాసి, చివర, దమ్ము రోగం ఉన్నవాళ్లు అందరూ సోమవారం పొద్దున కొత్త దవాఖానకు రావాలి, డాక్టరమ్మ ఊపిరి చూస్తుంది, మందుకు సీసా తెచ్చుకోవాలి అని రాశాను. ఉబ్బసం అని రాద్దామా అని ఆమె అడిగింది. ఉబ్బసం అంటే ఇక్కడ ఎవరికీ తెలియదు, దమ్ము అనే ఉండాలని నేనే పట్టుబట్టాను. ఆ పట్టుదలకు ఈ రోజుకీ నన్ను నేను మెచ్చుకుంటాను.

ఊళ్లో చాటింపు వేసే తాత ఒకాయన ఉండేవాడు. డప్పు కొట్టి ఆయన గొంతెత్తితే రెండు వీధుల అవతల పాలు కాచే ఆడవాళ్లు కూడా పొయ్యి వదిలి బయటికి వచ్చేవాళ్లు. ఆయనకు చదువు రాదు. కాగితం చదివి వినిపిస్తే ఒక్కసారి విని మనసులో పెట్టుకునేవాడు. ఆదివారం పొద్దున ఆయనకు అంతా చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపాను.

మా వీధికి వచ్చేసరికి నేను బియ్యం ఏరుతున్నాను. డప్పు మోగింది. "ఇనుండ్రి ఇనుండ్రి! అయ్యలారా, అవ్వలారా! డాక్టరమ్మ దవాఖాన గంజ్ ఎనక వాడకు మారింది! పోరగాండ్ల చెవులకు గుడ్డలు కట్టుండ్రి! కుంపటి పెట్టుకొని తలుపులు పెట్టుకోకుండ్రి!" నాకు గర్వంగా ఉంది. ఒక్క ముక్క తప్పు పోలేదు. అప్పుడు తాత ఇంకా గట్టిగా డప్పు వాయించి గొంతు పెంచాడు.

"దమ్మున్నోళ్లంతా సోమారం పొద్దుగాల దవాఖానకు రావాలె! ఎవ్వరికెంత దమ్మున్నదో డాక్టరమ్మ సూస్తది! శీశలు ఎంబడి తెచ్చుకోవాలె!"

చేట పక్కన పడేసి పరుగెత్తాను. "తాతా, రోగం ఏది? దమ్ము రోగం అని గద నేను చెప్పింది!"

తాత నన్ను ఎగాదిగా చూశాడు. "ఏం పిల్లవే నువ్వు! పొద్దుపొద్దుగాల మంది ఇండ్ల ముంగట నిలబడి రోగం రోగం అని ఒర్లమంటవా? నా నోట్లె నుంచి గా మాట ఎల్లదు. ఇంటోళ్లు చెంబెడు నీళ్లు నెత్తిన గుమ్మరిస్తరు" అన్నాడు.

"మరి ఊరంత గిట్లనే చెప్పినవా?"

"ఊరంత అయిపోయింది. మీదే ఆఖరి వాడ" అని డప్పు భుజాన వేసుకొని వెళ్లిపోయాడు.

ఇంట్లోకి వస్తే బాపు అరుగుమీద కూర్చొని మీసం దువ్వుకుంటున్నాడు. "ఏందే గిది? డాక్టరమ్మ కుస్తీలు గూడ వెడ్తదా?" అన్నాడు. అసలు సంగతి చెబుదామని నోరు తెరిచాను. ఇంతలో ఉస్తాద్ వచ్చాడు. తాలీమ్ అంతా అట్టుడికిపోతోందట. "క్యా పహిల్వాన్, రేపు వస్తున్నవా లేదా? పోరగాండ్లు అందరు తయ్యార్ ఉన్నరు. దమ్మున్నోళ్లు రావాలె అని ఊరంత చాటినంక, నువ్వు రాకుంటే ఏమంటరు?" అన్నాడు.

బాపు మొహం చూశాను. రానంటే దమ్ము లేదంటారు. చిక్కుకుపోయాడు. "రాకుంటే ఎట్ల? వస్త" అన్నాడు.

నేను తెరిచిన నోరు మూసుకొని బియ్యం దగ్గరికి వెళ్లి కూర్చున్నాను. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ రోజంతా ముసిముసిగా నవ్వుకుంటూనే ఉన్నాను, మధ్యమధ్య రేపు ఏమవుతుందోనని భయపడుతూనే ఉన్నాను.

మర్నాడు బాపు తల నిండా రుమాలు చుట్టి, ఉతికిన అంగీ తొడిగాడు. అవ్వ కొబ్బరినూనె సీసా ఒకటి కడిగి చేతికిచ్చింది. "శీశ ఎందుకట?" అని ఆమె అడిగితే, "గెలిచినోళ్లకు నెయ్యి పోస్తరేమో" అన్నాడు గంభీరంగా.

కొత్త దవాఖాన దగ్గరికి వెళ్లేసరికి వీధి నిండిపోయి ఉంది. ఒక పక్క బల్లమీద నిజంగా దమ్ము ఉన్నవాళ్లు కొందరు ముడుచుకొని కూర్చున్నారు, వాళ్లల్లో ఊపిరికి భుజాలు ఎగరేస్తున్న ఒక ముసలవ్వ. ఇంకో పక్క తాలీమ్ తాలీమంతా ఒంటికి నూనె రాసుకొని, ఆ చలిలో ఛాతీలు విరుచుకొని, చేతుల్లో ఖాళీ సీసాలతో నిలబడి ఉంది. డాక్టరమ్మ తలుపు తీసి చూసి కొయ్యబారింది.

"వీళ్లందరికీనా?" అని నన్ను అడిగింది చిన్నగా. ఆమె అప్పటికి మా మాటలు నేర్చుకుంటోంది. నేను జవాబు చెప్పేలోపే, అందరికంటే లావుగా ఉన్న కుర్రాణ్ని లోపలికి పిలిచి తానే మొదలుపెట్టింది. తలుపు తీసే ఉంది, వీధంతా వింటోంది.

"నీకు దమ్ముందా?"

"ఎందుకుండది డాక్టరమ్మా? మస్తుంది!"

"ఎప్పట్నుంచి?"

"పుట్టినకాడికెల్లి."

డాక్టరమ్మ అయ్యో పాపం అన్నట్టు చూసింది. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

"మా నాయినకున్నది. మా తాతకైతే ఇంకా మస్తుండె. ఊరంత భయపడేటోళ్లు."

"చలికాలంలో ఎక్కువవుతుందా?"

"చలికాలమైనా ఎండకాలమైనా ఒక్క తీర్గనే ఉంటది. సూస్తరా?" అని వాడు ఆమె మేజాబల్లను రెండు చేతులా ఎత్తి తలమీద పెట్టుకున్నాడు. మందు సీసాలు గలగలమన్నాయి.

ఇక నా వల్ల కాలేదు. పొట్ట పట్టుకొని నవ్వుతూనే అసలు సంగతి చెప్పాను, ముందు ఆమెకు ఆమె తెలుగులో, తర్వాత బయట వాళ్లకు మా తెలుగులో. గంజ్ వెనక వీధి అంత నవ్వు మళ్లీ వినలేదంటే నమ్మండి. ఊపిరాడని ముసలవ్వ కూడా దగ్గుతూ నవ్వింది. బల్లను ఇంకా తలమీదే పెట్టుకున్న కుర్రాణ్ని దింపమని అందరూ అరిచారు.

డాక్టరమ్మ కళ్లద్దాలు తుడుచుకొని బయటికి వచ్చింది. "వచ్చినవాళ్లు ఊరికే ఎందుకు పోవాలి? అందరి ఊపిరీ చూస్తాను" అంది. అగ్గిపెట్టె తెప్పించింది. పుల్ల గీసి మొహానికి జానెడు దూరంలో పట్టుకుంటుంది, పెదవులు ముడవకుండా నోరు బాగా తెరిచి ఊది ఆర్పాలి. నేను అందరికీ వినిపించేలా చెప్పాను: "నోరు పెద్దగ తెర్వాలె. మూతి ముడ్వద్దు. ఈల ఏసినట్టు ఊదితే ఒప్పుకోం."

కుర్రాళ్లు ఒకరి తర్వాత ఒకరు హుఫ్ అని ఊదారు. పుల్ల ఆరినప్పుడల్లా ఈలలు, చప్పట్లు. ఉస్తాద్ కూడా ఆర్పి అందరికీ సలాం చేశాడు. నేను బాపు కోసం చూశాను. ఆయన గుంపు చివర నిలబడి ఎవరినో, "మంచిగున్నవా? ఎడ్లు మంచిగున్నయా?" అని అడుగుతున్నాడు. ఇంతలో కుర్రాళ్లే, "పహిల్వాన్! పహిల్వాన్!" అని కేకలు పెట్టి ఆయనకు దారి ఇచ్చారు.

బాపు వచ్చి నిలబడ్డాడు. పుల్ల వెలిగింది. నోరు తెరిచి ఊదాడు. మంట ఒక్కసారి పక్కకు వాలి మళ్లీ నిటారుగా నిలబడింది. మళ్లీ ఊదాడు. మంట కదిలింది, ఆరలేదు. అది డాక్టరమ్మ గోళ్ల దాకా కాలింది, ఆమె విదిలించి ఆర్పేసింది. చప్పట్లు లేవు, ఈలలు లేవు. మేజాబల్ల ఎత్తిన కుర్రాడు తల దించుకున్నాడు. గాలి ఎదురొస్తోందని చెప్పడానికి నేను నోరు తెరిచాను. బాపు నన్ను చెయ్యెత్తి ఆపాడు.

ఆయన నెమ్మదిగా నడిచి ఇటుపక్క బల్ల దగ్గరికి వెళ్లి ముసలవ్వ పక్కన కూర్చున్నాడు. రుమాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"భాయ్, నాకు దమ్ముంది" అన్నాడు ఉస్తాద్‌తో. "మీరనే దమ్ము గాదు. గీ అవ్వకున్న దమ్ము."

ఎవరూ నవ్వలేదు. ఉస్తాద్ వచ్చి ఆయన పక్కన ఇరుక్కొని కూర్చున్నాడు.

"నాకు ఎప్పుడో ఎర్కే పహిల్వాన్" అన్నాడు. "బజార్ల నన్ను ఆపి, మంచిగున్నవా భాయ్ అని నువ్వు అడుగుతవు సూడు. అందుకే గద, నేను మా ఇంటి ముచ్చట మొత్తం లంబగ చెప్తుంటి. నీకు ఊపిరి అందేదాంక."

బాపు ఆయన మొహంలోకి చూశాడు, ఆయన తొడమీద ఒక్క చరుపు చరిచాడు. నాకు మాత్రం కన్నీళ్లు ఆగలేదు. అందరి ముందూ కొంగు నోట్లో పెట్టుకొని ఏడ్చాను. బాపు లేచి లోపలికి నడిచి, ఎవరూ చెప్పకుండానే అంగీ విప్పి స్టూలుమీద కూర్చున్నాడు. "సూడు బిడ్డా" అన్నాడు. ఆ బిడ్డా అన్నది నన్ను కాదు, డాక్టరమ్మను.

ఆమె చాలాసేపు గొట్టం పెట్టి విన్నది. సూది వేసింది, మాత్రలిచ్చింది, కొబ్బరినూనె సీసాలో నేనే మిక్చరు పోశాను. రాత్రిపూట బండి తోలుకొని ఫ్యాక్టరీ మైదానానికి పోకూడదంది, పొగ దరిదాపులకు పోకూడదంది. బాపు అన్నిటికీ తలూపాడు. ఊపిరి మెల్లగా పీల్చి ఇంకా మెల్లగా వదలడం నేర్పింది ఆమె. ఆ ఒక్కటీ ఆయనకు మహా నచ్చింది. "గిది కొత్త పట్టు. మా ఉస్తాద్‌కు గూడ రాదు" అన్నాడు.

ఆ చలికాలం రాత్రి బండ్ల వంతు తాలీమ్ కుర్రాళ్లు పంచుకున్నారు. వద్దన్నా వినలేదు. బాపు పగటిపూట మైదానానికి వెళ్లి, ఆకుల మంటల చుట్టూ కూర్చున్న బండివాళ్లను గద్దించి పొగకు ఎదురుగా ఉన్నవాళ్లను అవతలికి జరిపేవాడు. దగ్గేవాడు కనిపిస్తే చెయ్యి పట్టుకొని దవాఖానకు లాక్కొచ్చేవాడు. "ఏం సిగ్గువడ్తున్నవురా? నాకున్నది, నీకున్నది" అని ముందుకు తోసేవాడు. డాక్టరమ్మకు రోగులు పెరిగారు, నాకు తర్జుమా పెరిగింది. ఆయన దమ్ము పూర్తిగా పోయిందని నేను చెప్పను. పొగమంచు దట్టంగా ఉన్న రోజు ఛాతీ పిల్లిలా కూసేది. కానీ ఇక బజారులో కుశలాల సాకు లేకుండా ఉత్తినే ఆగేవాడు. ఆగి, "జర ఆగు, దమ్ము అస్తున్నది" అని చెప్పి మరీ ఆగేవాడు.

పుష్యమాసం చలి ముదిరాక ఒక తెల్లవారుజామున అవ్వ పెట్టిన కేకకు నేను పక్కమీద నుంచి ఎగిరి పడ్డాను. పొయ్యి రాజేయడానికి లేచి, బాపు మంచం వైపు చూసి అరిచిందామె. పక్కింటి వదిన పరుగెత్తుకొచ్చింది. నేను వెళ్లి చూస్తే బాపు వెల్లకిలా పడుకొని, చేతులు రెండు పక్కలా చాచి, కదలకుండా ఉన్నాడు. ఎన్నో ఏళ్లుగా చలికాలంలో ఆయన పడుకోగా మేమెవరం చూడలేదు. పడుకుంటే ఊపిరాడక, వీపు వెనక బియ్యం బస్తా పెట్టుకొని, గోడకు ఆనుకొని, కూర్చొనే తెల్లవార్లూ కునికేవాడు. ఆయన అట్లా చాపలా పరుచుకొని ఉండడం చూసేసరికి అవ్వ ప్రాణం పోయిందనుకుంది.

నేను వంగి చెవి పెట్టాను. గురక వినిపించింది.

అంతలో ఆయన కళ్లు తెరిచి మా మొహాలు చూశాడు. "ఏమాయెనే? పొద్దుపొద్దుగాల గీ లొల్లి ఏంది? జర పండుకోనియ్యరా?" అని విసుక్కొని, పక్కకు తిరిగి, దుప్పటి తలమీదికి లాక్కున్నాడు.

అవ్వ మంచం పట్టె పట్టుకొని నేలమీద కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "పండుకో" అంది, దుప్పటి ఆయన కాళ్లకు కూడా కప్పుతూ. "పండుకో. ఎవ్వరు లేపరు."

ఆ పొద్దు మా ఇంట్లో పొయ్యి చాలా ఆలస్యంగా వెలిగింది.